ఎనిమిదో లైను

పెళ్లి పప్పులో ఉప్పు తక్కువైతే పదిమంది పట్టుకుంటారు. మిక్సర్‌లో ఒక లైను దించేసి ఉంటే ఒక్కడూ పట్టుకోడు. ఈ సంగతి మల్లేశ్‌కి బాగా తెలుసు, ఎందుకంటే దించి ఉంచేది అతనే.

సిద్దిపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకు పోయే సుధాకర్ ఆర్కెస్ట్రాలో మల్లేశ్ సౌండ్ చూస్తాడు. పాడేవాళ్ల మైకులూ, కీబోర్డూ, ప్యాడ్లూ, గిటారూ అన్నీ వైర్ల మీద వచ్చి అతని ముందున్న మిక్సర్‌లో పడతాయి. ఒక్కో లైనుకు ఒక్కో ఫేడర్ ఉంటుంది, వేలితో పైకీ కిందికీ జరిపే చిన్న మీట. పైకి జరిపితే ఆ మనిషి హాలంతా వినిపిస్తాడు. అడుక్కి జరిపితే స్టేజీ మీద కనిపిస్తాడు, అంతే.

ఎనిమిదో లైను సర్వర్ భాయ్ గిటారుది. కిందటి పెళ్లిళ్ల సీజను నుంచి అది అడుగునే ఉంది.

దించమన్నది సుధాకర్. చెడ్డవాడేం కాదు. ఉన్న పొలం కౌలుకిచ్చి ఈ వ్యాపారంలోకి దిగినవాడు, పార్టీ మొహం చూసి పాట పెట్టే రకం. కీబోర్డు వాయించే సందీప్ పాటలన్నీ గిటారుతో సహా ముందే రికార్డు చేసిన ట్రాకులుగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన రోజున సుధాకర్ మల్లేశ్‌ని పక్కకు పిలిచాడు.

"పార్టీవాళ్లకు ఫోన్ల విన్నట్టే ఇనవడాలెరా. భాయ్ మధ్యమధ్యల వంపులు దీస్తడు, ట్రాకుకు కలుస్తలేదు. ఆయన లైను దించు."

"మరి భాయ్‌ని వద్దని చెప్పరాదన్నా?"

"ఎట్ల వద్దంట? స్టేజీ మీద గిటారు కనవడాలె. డ్రోన్ కెమెరాల మంచిగొస్తది. అయినా ముసలితనానికి దగ్గరవడ్డ మనిషిని ఎట్ల పొమ్మంటరా? ఇయ్యాల్సింది ఇస్తనే ఉన్న గద. నువ్వు చెప్పకు, గంతే."

గంతే అని సుధాకర్ చేతులు దులుపుకున్నాడు. దాన్ని పెళ్లి పెళ్లికీ మోసేది మాత్రం మల్లేశ్.

స్టేజీ మీద సర్వర్ భాయ్ పక్కనే ఆయన యాంపు ఉంటుంది, గిటారు శబ్దాన్ని పెంచే పాత పెట్టె. దాని చప్పుడు ఆయన చెవికి అందుతూనే ఉంటుంది కాబట్టి, హాల్లోకి పోతోందో లేదో చప్పున తెలియదు. పాట మధ్యలో ఆయన మల్లేశ్ వైపు చూసి చూపుడువేలు పైకి లేపుతాడు, పెంచమని. మల్లేశ్ ముందుకు వంగి, ఏ వైరూ తగిలించని ఒక ఖాళీ లైను మీటను శ్రద్ధగా పైకి జరుపుతాడు. భాయ్ తలూపుతాడు, షుక్రియా అన్నట్టు.

సౌండ్ పనిలో ఇది మామూలు నాటకమే. పెళ్లికొడుకు మేనమామ వచ్చి బేసు పెంచమన్నప్పుడల్లా మల్లేశ్ ఆ ఖాళీ మీటనే జరుపుతాడు. మేనమామ రెండు క్షణాలు చెవి ఒగ్గి విని, "గిప్పుడు మంచిగుంది" అని మీసం సవరించుకుని పోతాడు. అప్పుడు నవ్వొస్తుంది. సర్వర్ భాయ్ తలూపినప్పుడు మాత్రం మల్లేశ్‌కి తన చెయ్యి తనది కాదనిపిస్తుంది.

మెదక్ రోడ్డు ఫంక్షన్ హాల్లో ఆ రోజు పెళ్లి అయిపోయి, బంతులు లేచి, స్టేజీ మీది పూలు ఎవరికి చిక్కినవి వాళ్లు తెంపుకుంటున్నారు. సర్వర్ భాయ్ బగారన్నం పళ్లెంతో వచ్చి మిక్సర్ బల్ల పక్కన కుర్చీ లాక్కున్నాడు. చాలాసేపు తినకుండా అన్నాన్ని అటూ ఇటూ జరిపాడు.

"మల్లేశ్, నా సప్పుడు గోడకు తాకి వస్తలేదు."

"ఎట్ల భాయ్?"

"పాట వస్తుంది. గిటారు గూడ వస్తుంది. నా వంపు వస్తలేదు." ఎడమచేతి వేలితో పళ్లెం అంచును పక్కకు నెట్టి చూపించాడు. తీగను అలా నెడితే స్వరం కాస్త సాగి, జాలిగా పైకి లేస్తుంది. చరణం చివర ఆయన అలా ఒక్కటి వేస్తాడు. "ఇంతకుముందు గది పొయ్యి ఎనుక గోడకు తాకి మళ్ల నా దగ్గరికొచ్చేది. గిప్పుడు సీదా వస్తుంది. ఇంకెవడో వాయించినట్టున్నది."

ఇంకెవడో వాయించిందే అది. ఏ ఊరి స్టూడియోలోనో ఎవడో వాయించి అమ్మినది. మల్లేశ్ నీళ్ల గ్లాసు ఎత్తి తాగాడు, దాహం లేకపోయినా.

"నిజం చెప్పు తమ్మీ. నా చెయ్యి పోయిందా? వంపు వేస్తున్న అనుకుంటున్న గని పడుతనే లేదా?"

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. నోట్లో మాట సిద్ధంగానే ఉంది కూడా. కానీ సుధాకర్ పది అడుగుల దూరంలో పెళ్లికూతురి తండ్రితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, సర్వర్ భాయ్ కళ్లు మల్లేశ్ మొహం మీంచి కదలడం లేదు.

"చెయ్యికేమైంది భాయ్! నీ యాంపుల స్ప్రింగు పోయినట్టున్నది. గందుకే తోక వస్తలేదు."

పాత యాంపుల అడుగున సన్నని స్ప్రింగులుంటాయి. శబ్దం వాటిలోంచి వణుక్కుంటూ పోయి వస్తే, పెద్ద గదిలో పలికినట్టు చివర ఒక తోక మిగులుతుంది. వాయించేవాళ్లు దాన్ని రివర్బ్ అంటారు. అది లేకపోతే గిటారు చెక్క మీద కొట్టినట్టు ఎండిపోయి వినిపిస్తుంది.

"ఇంట్ల మంచిగనే ఇనవడుతుంది గద?" అన్నాడు సర్వర్ భాయ్.

"ఇంట్ల చిన్నగ పెడ్తవు. గట్టిగ పెడ్తె పట్టుకుంటుండొచ్చు. రేపొచ్చి విప్పి చూస్త."

"స్ప్రింగు!" అన్నాడాయన. పోగొట్టుకున్న వస్తువు ఇంట్లోనే దొరికినవాడి మొహంలా వెలిగిపోయింది ఆయన మొహం. "గది నాకు తట్టనే లేదు సూడు." అని పళ్లెం దగ్గరికి లాక్కుని ఆకలిగా తిన్నాడు.

మర్నాడు సాయంత్రం మల్లేశ్ స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని పాత బస్టాండు వెనక సందులో ఉన్న సర్వర్ ఇంటికి పోయాడు. ముందుగదిలో చాప పరిచి యాంపును దాని మీద బోర్లా పడుకోబెట్టి ఉంచారు, ఆపరేషనుకు రోగిని సిద్ధం చేసినట్టు. గోడకు మేకు మీద సర్వర్ భాయ్ పాత చెక్క గిటారు వేలాడుతోంది. స్టేజీ మీదికి తెచ్చే కరెంటు గిటారు వేరు. ఇది ఇంట్లో వాయించుకునేది, పైపూత వేళ్లు తగిలే చోటల్లా అరిగి కొయ్యరంగు బయటపడింది.

వెనక పలక స్క్రూలు సగం విప్పేసరికి మసీదు నుంచి అసర్ అజాన్ వినిపించింది. "నువ్వు కానీ తమ్మీ, నమాజ్ చేస్కొని వస్త" అని సర్వర్ భాయ్ టోపీ పెట్టుకుని పోయాడు. ఆయన భార్య రబియాబీ చాయ్ తెచ్చి మల్లేశ్ పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మల్లేశ్, నిన్న నువ్వు చెప్పినంక ఇంటికొచ్చి నిమ్మలంగ పండుకున్నడయ్యా. ఎన్నిరోజులసందో చెయ్యి చూస్కుంట కూసునేటోడు. వేళ్లు పిసుక్కునుడు, నూనె రాసుకునుడు. దవాఖానకు పోదం పాండ్రి అంటే, 'వాయించెటోని చెయ్యి పోతే డాక్టర్ ఏం జేస్తడు రబియా' అంటడు. మొన్న గిటారు తీసి వాయించమంటే, 'పోయినదాన్ని ఎందుకు ఎతుకుతవు' అన్నడు."

మల్లేశ్ స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో ఊడి వచ్చింది.

"స్ప్రింగే గద? ఇంకేం కాదు గద? మంచిగ చూసి చెప్పు నాయినా."

"స్ప్రింగే భాభీ."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి పోయింది. మల్లేశ్ పలక తీసి, అడుగున ఉన్న రేకు పెట్టెను బయటికి లాగాడు. లోపల రెండు స్ప్రింగులు, రెండు వైపులా కొక్కేలకు, దుమ్ము తప్ప వంక పెట్టడానికి లేకుండా ఉన్నాయి. గోటితో మీటితే రెండూ జల్లుమన్నాయి. ఆ చప్పుడు గదంతా తిరిగి, గోడ మీది గిటారు తీగల్ని కూడా సన్నగా కదిలించినట్టయింది.

లోపల ఆమె గిన్నెలు సర్దుతోంది. సందు చివర మసీదు దగ్గర చెప్పుల చప్పుళ్లు మొదలయ్యాయి. ఆయన వచ్చి దీన్ని చేతిలోకి తీసుకుంటాడు, మీటి చూస్తాడు. ఇది బాగుందంటే పోయింది చెయ్యేనని తేలిపోతుంది. మల్లేశ్ ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాడు కాదు. వేలు కొక్కెం చేసి మొదటి స్ప్రింగును పట్టి లాగాడు. అది సాగి సాగి, వదిలాక వెనక్కి రాలేదు. రెండోదాన్నీ లాగాడు. రెండూ రేకు అడుగున వాలిపోయి పడి ఉన్నాయి.

సర్వర్ భాయ్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. గోటితో మీటాడు. టక్కుమని ఒక మొద్దు చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"అయ్యో," అన్నాడు. "పాపం, ఎన్నేండ్లు కొట్టుకున్నయో." ఆ వాలిపోయిన స్ప్రింగుల్ని వేలి కొసతో నిమిరాడు. తర్వాత లోపలికి తిరిగి పెద్దగా, "రబియా! స్ప్రింగ్‌ఇచ్ హై! సునీ?" అని అరిచాడు, పోయింది స్ప్రింగే, విన్నావా అని. లోపలినుంచి ఆమె నవ్వు వినిపించింది.

"కొత్తయి దొరుకుతయా తమ్మీ?"

"గీ పాతదానికి దొరకయి భాయ్." మల్లేశ్ విప్పిన స్క్రూలు ఏరుకున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాడు. "గిప్పుడు పెడల్ అని వస్తున్నది. చిన్న డబ్బా, కాలుతోని నొక్కుడే. గిటారుకు యాంపుకు నడుమ పెడ్తె గదే తోక ఇస్తది."

"ఎక్కడ?"

"ముస్తాబాద్ చౌరస్తా కాడ రాకేష్ కొట్టుల ఉంటయి."

"అయితే రేపు పోదం. మర్కూక్ పెండ్లి వరకు ఉండాలె. చెవి నీది, కాలు నాది." అని సర్వర్ భాయ్ అతని వీపు చరిచాడు.

రాకేష్ కొట్టు ఇరుకు. కీబోర్డుల డబ్బాలు నెత్తి దాకా పేర్చి ఉంటాయి, మధ్యలో ఒక స్టూలు, ఒక చిన్న యాంపు. రాకేష్ కుర్రవాడే కానీ సామాను గురించి అబద్ధం చెప్పడు. సర్వర్ భాయ్ పాత చెక్క గిటారును పూల దుప్పట్లో చుట్టి బండి మీద మల్లేశ్ వెనకాల ఒళ్లో పెట్టుకుని వచ్చాడు, భుజాన కరెంటు గిటారు. రెండు గిటార్లెందుకో అని మల్లేశ్ అనుకున్నాడు గానీ అడగలేదు.

రాకేష్ మూడు పెడల్స్ నేల మీద వరసగా పెట్టాడు. సర్వర్ భాయ్ స్టూలు మీద కూర్చుని, కుడికాలి చెప్పు విడిచి, మొదటిదాని మీద బొటనవేలు ఆనించాడు. ఆయన చూసే పద్ధతి ఒకటే. పెడల్ నొక్కి ఒక చరణం చివర వాయించి వంపు వేస్తాడు. తోక మొత్తం ఆరిపోయేదాకా కదలడు. తర్వాత కాలితో పెడల్ ఆపి, అదే ముక్కను అచ్చం అలాగే మళ్లీ వాయిస్తాడు. మళ్లీ నొక్కుతాడు, మళ్లీ ఆపుతాడు.

"ఆపి చూస్తెనే తెలుస్తది తమ్మీ," అన్నాడు రాకేష్‌తో. "ఉన్నప్పుడు అన్నీ మంచిగనే ఉంటయి. లేనప్పుడు ఏం పోయిందో చూడాలె."

మొదటిది ఎర్ర డబ్బా. దాని తోక ఎంతకీ ఆరలేదు. "గిది బాయిల దిగి వాయించినట్టున్నది. బయట ఉన్నోడు తాడేస్తడు." రాకేష్ పకపకా నవ్వాడు. రెండోది తళతళా మెరుస్తూ పలికింది. "రేకుల షెడ్డు మీద వాన." దాన్ని కాలితోనే పక్కకు జరిపాడు. మూడోది నీలం రంగు, అన్నిటికన్నా చిన్నది, ఒకటే గుండీ. సర్వర్ భాయ్ వంపు వేశాడు. స్వరం సాగి, లేచి, గదిలో లేని ఒక గోడ దాకా పోయి, మెల్లగా తిరిగొచ్చినట్టయింది. ఆయన కాలితో ఆపి వాయించాడు. పోయింది తిరిగి రాలేదు. మళ్లీ నొక్కాడు. వచ్చింది.

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు వాయించాడు. కొట్టు ముందు ఛార్జర్ కొనడానికి ఆగినతను అక్కడే నిలబడిపోయాడు. ఆ చేతికి ఏమీ కాలేదని, ఆ వంపు పోయినది ఒక్క చోటేనని, ఆ చోటు తన వేలి కింద ఉందని మల్లేశ్‌కి తెలుసు. లేచి బయటికి పోదామా అనుకున్నాడు గానీ కూర్చునే ఉన్నాడు.

"గిదే," అన్నాడు సర్వర్ భాయ్. "గిది మాటకు మాట చెప్తది." అని ఒంగి, దుప్పటి ముడి విప్పి, చెక్క గిటారును రాకేష్ చేతుల్లో పెట్టాడు. "నిన్న ఫోన్ల మాట్లాడుకున్నట్టే. ఇది నువ్వుంచుకో, అది నాకియ్యి."

మల్లేశ్ గబుక్కున లేచాడు. "ఏంది భాయ్? గిది ఇస్తవా?"

"ఎక్స్‌ఛేంజ్."

"వద్దు భాయ్. జర ఆగుదం. నేను స్ప్రింగులు హైదరాబాద్‌ల ఎతుకుత, దొరుకుతయి."

"దొరకయన్నది నువ్వే గద."

"దొరకొచ్చు. ఎవన్నన్న అడుగుత. నువ్వైతే గిది ఇయ్యకు."

సర్వర్ భాయ్ నవ్వాడు. "నా పెండ్లిల పెండ్లికొడుకును నేనే, గిటారు వాయించింది నేనే, తెలుసా? మా మామ కోపానికొచ్చి బిర్యానీ తినలే. రబియా పరదా ఎనకాల నవ్వుతనే ఉన్నది. గా గిటారు ఇది." దాని మెడ మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. "ఇంట్ల మేకుకు ఏలాడితే ఎవలింటరు తమ్మీ? సప్పుడు పదిమందిల పోవాలె. రబియానే ఇయ్యమన్నది. నీ చెయ్యి మంచిగుంటే నాకు గదే సాలు అన్నది."

ఇప్పుడన్నా చెప్పు, అని మల్లేశ్ తనను తాను తిట్టుకున్నాడు. కానీ ఇప్పుడు చెప్పాలంటే ఫేడర్ ఒక్కటే చెప్తే చాలదు. స్ప్రింగులు కూడా చెప్పాలి. రాకేష్ గిటారును గోడకు తగిలించి, నీలం పెడల్‌ను డబ్బాలో పెట్టి ఇచ్చాడు. బండి మీద వెనక కూర్చున్న సర్వర్ భాయ్ దారి పొడుగునా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

మర్కూక్ పెళ్లి పగటి ముహూర్తం. సామాను వేసుకున్న ఆటోట్రాలీ కొండపోచమ్మ సాగర్ కట్టను చూసుకుంటూ పోయి, ఎండ ఎక్కకముందే ఫంక్షన్ హాల్ ముందు ఆగింది. మంచి హాలు, పొడుగాటిది. వెనక గోడకు తెరలూ గిరలూ లేవు, సున్నం కొట్టిన ఉత్త గోడ. చప్పట్లు కొడితే తిరిగి వచ్చాయి. మల్లేశ్ వైర్లు పరుచుకుంటూ వచ్చాడు, కార్పెట్ మీద కాళ్లకు తగలకుండా టేపు అంటించుకుంటూ. సర్వర్ భాయ్ యాంపు వెనకాల ఎనిమిదో వైరు గుచ్చేటప్పుడు ఆయన మెత్తటి గుడ్డతో పెడల్ తుడుస్తున్నాడు, ఇంకా దుమ్మే పడనిదాన్ని.

"ఇయ్యాల చూడు," అన్నాడు.

తలంబ్రాలయ్యాయి. పాటలు మొదలయ్యాయి. సందీప్ ట్రాకు వదిలాడు, పాడేవాళ్లు అందుకున్నారు. సర్వర్ భాయ్ మొదటి చరణం చివర వంపు వేసి, చెవి వెనక గోడ వైపు తిప్పాడు. తర్వాత మల్లేశ్‌ని చూసి వేలు పైకి లేపాడు. మల్లేశ్ ఖాళీ మీట జరిపాడు.

రెండో పాట. ఆయన వంగి పెడల్ గుండీ కాస్త తిప్పాడు. వంపు వేశాడు, చెవి పెట్టాడు. ఇంకాస్త తిప్పాడు. మూడో పాటకు గుండీ చివరంటా తిరిగింది. గోడ నుంచి ట్రాకులోని గిటారే వస్తోంది, తిన్నగా, వంపూ గింపూ లేకుండా. సర్వర్ భాయ్ ఇంక మల్లేశ్ వైపు చూడటం మానేశాడు. పాటకూ పాటకూ మధ్య ఎడమ చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచి తెరిచాడు. ఎవరూ చూడకుండా ఆ చేతిని ప్యాంటుకు రుద్దుకున్నాడు.

మల్లేశ్‌కి అది చూడటం చేతకాలేదు.

పెళ్లికూతురి తండ్రి ఏదో పాత పాట అడిగాడు, నిదానంగా సాగేది. సందీప్ దాని ట్రాకు పెట్టాడు. మొదటి చరణం అయ్యేలోపు మల్లేశ్ ఎడమచేత్తో ట్రాకు లైను తగ్గించి, కుడిచేత్తో ఎనిమిదో ఫేడర్‌ను అడుగు నుంచి పైదాకా జరిపాడు. అన్నాళ్లు కదలని మీట కింద దుమ్ము గరగరమంది.

సర్వర్ భాయ్ గిటారు హాల్లోకి వచ్చింది. చరణం చివర వంపు లేచి, కుర్చీల మీదుగా పోయి, వెనక గోడకు తాకి తిరిగొచ్చింది. వడ్డించుకుంటున్న ఒక పెద్దావిడ గరిటె పట్టుకునే స్టేజీ వైపు చూసింది. సందీప్ తలెత్తి మల్లేశ్‌ని చూసి కళ్లు పెద్దవి చేశాడు. సర్వర్ భాయ్ మొహం ముందు ఉలిక్కిపడింది, తర్వాత విప్పారింది. పెడల్ వైపు చూసి తలూపాడు, శభాష్ అన్నట్టు. మల్లేశ్ గుండెల మీది బరువంతా దిగిపోయింది. అయిపోయింది, బాగైపోయింది అనుకున్నాడు.

సర్వర్ భాయ్ పద్ధతి అతనికి గుర్తు లేదు.

రెండో చరణం చివర ఆయన కాలితో పెడల్ ఆపి, అదే వంపు వేశాడు. పెడల్ ఇచ్చే తోక పోయింది. వంపు మాత్రం పోలేదు. కుర్చీల మీదుగా వెళ్లి గోడకు తాకి ఎప్పటిలాగే తిరిగొచ్చింది. ఆయన నొక్కాడు, వాయించాడు. ఆపాడు, వాయించాడు. ఆపినా గోడ ఇస్తూనే ఉంది.

పాట నడుస్తోంది. ఆయన వేళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. చూపు మాత్రం పెడల్ మీంచి యాంపుకు పోయింది, యాంపు వెనకనుంచి దిగిన వైరుకు పోయింది, టేపు అంటించిన వైరు వెంబడే కార్పెట్ మీదుగా మెల్లగా నడిచి మిక్సర్ బల్ల దాకా వచ్చింది. అక్కడ మల్లేశ్ వేలు ఇంకా ఎనిమిదో ఫేడర్ మీదే ఉంది. పక్కన ఆ ఖాళీ మీట, దానికి వైరు లేదు. సర్వర్ భాయ్ ఆ రెండింటినీ చూశాడు. తర్వాత మల్లేశ్ మొహం చూశాడు.

సుధాకర్ గుంపును తప్పించుకుంటూ మిక్సర్ దగ్గరికి వస్తున్నాడు. "ఏందిరా గా లొల్లి?" అని దూరం నుంచే చేత్తో అడిగాడు. మల్లేశ్ అతన్ని చూడలేదు, స్టేజీ మీంచి సర్వర్ భాయ్ చూశాడు. ఏమైనా సరే దించేది లేదని వేలు గట్టిగా అదిమి పెట్టాడు.

దించమన్నది సర్వర్ భాయ్. కుడిచెయ్యి తీగల మీంచి తీసి, అరచెయ్యి బోర్లా పెట్టి, గాల్లో మెల్లగా కిందికి అదిమాడు. తగ్గించు, అని. మల్లేశ్ తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్లీ అదే చెయ్యి, అంతే మెల్లగా, ఇంకా కిందికి అదిమాడు.

మల్లేశ్ ఫేడర్ అడుక్కి దించాడు. తర్వాత వరసగా ఎన్నో పాటలు నడిచాయి. సర్వర్ భాయ్ అన్నీ వాయించాడు, ట్రాకులో ఉన్నట్టే, తిన్నగా. ఒక్క వంపు కూడా వేయలేదు. డ్రోన్ వచ్చి ఆయన ముందు ఆగినప్పుడు గిటారు మెడ కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు కూడా.

సామాను సర్దేటప్పుడు మల్లేశ్ ఎనిమిదో వైరు చుట్టుకుంటూ యాంపు దాకా పోయి ఆగాడు. సర్వర్ భాయ్ స్టేజీ మెట్టు మీద కూర్చుని పెడల్‌ను డబ్బాలో పెడుతున్నాడు. మల్లేశ్ నోట్లోంచి "భాయ్" అని వచ్చింది.

"స్ప్రింగులు మంచిగనే ఉండెనా?" అని అడిగాడాయన, తలెత్తకుండా.

మల్లేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచిగనే ఉండె భాయ్. నేనే..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. డబ్బా మూత పెట్టి, ఎడమచేతిని ఒళ్లో తెరుచుకుని చూసుకున్నాడు. తిడతాడని మల్లేశ్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"అంటే, చెయ్యి గూడ మంచిగనే ఉన్నదన్నట్టు," అన్నాడు సర్వర్ భాయ్. ఆ మాటలో సంతోషం వెతికితే దొరుకుతుందేమో గానీ, మల్లేశ్‌కి దొరకలేదు. "రబియాకు చెప్పకు. డబ్బా మంచిగ పనిచేసిందని నేను చెప్పుకుంట."

సుధాకర్ వచ్చి, మల్లేశ్ మీద ఉన్న కోపం సర్వర్ మీద చూపించకుండా, ఎప్పటిలా భుజం మీద చెయ్యి వేశాడు. "భాయ్, ఆదివారం ఇబ్రహీంపూర్. మరువకు. తెల్లంగి తొడుక్కో, కెమెరాల మంచిగొస్తది."

"వస్త," అన్నాడు సర్వర్ భాయ్. సుధాకర్ పోయాక మల్లేశ్ చేతిలోని వైరు చుట్టను చూసి, చిన్నగా అన్నాడు. "ఇగ దీన్ని తేకు తమ్మీ. ఉత్తగ ఎందుకు మోసుడు."

మర్నాడు పొద్దున్నే మల్లేశ్ రాకేష్ కొట్టుకు పోయాడు. గోడ మీద గిటారు లేదు. ఎవరో చేర్యాల నుంచి వచ్చి, కొత్తగా నేర్చుకునే కూతురికని పట్టుకుపోయారట. పేరు రాకేష్‌కి గుర్తు లేదు. "వాయించి చూడంగనే ఎత్తుకున్నరన్నా. మస్తు పలికింది," అన్నాడు.

ఇబ్రహీంపూర్ పెళ్లి ఇంటి ముందు షామియానాలో. చప్పుడు తిరిగి రావడానికి అక్కడ గోడలు కూడా లేవు. సర్వర్ భాయ్ తెల్లంగి తొడుక్కుని వేళకు వచ్చి, తన చోట యాంపు పెట్టుకుని, గిటారు మెడలో వేసుకున్నాడు. మల్లేశ్ స్టేజీ నుంచి మిక్సర్ దాకా వంగి వంగి టేపు అంటిస్తూ ఏడు లైన్లే పరిచాడు.